ఒక్కపొద్దునాటి ఉప్పు

మా అత్తగారింట్లో రంజాన్ నెలంతా కూరలో ఉప్పు చూసే మనిషి ఉండేది కాదు. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. అత్త, మామ, నా మొగుడు, నేను, నలుగురమూ ఒక్కపొద్దు ఉండేవాళ్ళం. పొయ్యి ముందు ఎంతసేపు కూర్చున్నా పులుసు చుక్క నాలుక మీద వేసుకోవడానికి లేదు. నేను ఒక్కపొద్దు లేని ఆ నాలుగు రోజులు అత్త నన్ను పొయ్యి దగ్గరికే రానిచ్చేది కాదు.

దీనికొక సడలింపు ఉందని మా వైపు ఆడవాళ్ళందరికీ తెలుసు. మొగుడు కోపిష్టి అయి, ఉప్పు తక్కువైతే కంచం విసిరికొట్టే రకమైతే, ఆ ఇల్లాలు నాలుక కొసన చుక్క తగిలించుకుని వెంటనే ఉమ్మేయవచ్చు, ఒక్కపొద్దు చెడదు అని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అందువల్ల ఒక చిక్కు కూడా వచ్చిపడింది. వీధిలో ఏ ఇల్లాలైనా రుచి చూస్తే, ఆ ఇంటి మగవాడు ఎలాంటివాడో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయేది. మా అత్త ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నాలుకకు తగిలించుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది.

నేను ఆ ఇంటికి కొత్తకోడలిగా వెళ్ళింది యాభైల చివర్లో. అప్పట్లో రంజాన్ నిండు ఎండాకాలంలో వచ్చేది. మాది తోటపల్లి గూడూరు వైపు పల్లె, వాళ్ళది కృష్ణపట్నం దారిలో ఒక చిన్న ఊరు. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మామ, నా మొగుడు వీధివైపు కొట్టంలో దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాళ్ళు. బూరుగుకాయలు పగిలేదీ ఎండాకాలంలోనే కాబట్టి సంవత్సరంలో ఎక్కువ పని అప్పుడే ఉండేది. గొంతులోకి దూదిపొట్టు పోతున్నా గుక్కెడు నీళ్ళు తాగకుండా పొద్దుగూకేదాకా దూది ఏకే విల్లు మోగిస్తూనే ఉండేవాడు మామ. నోట్లో నాలుక లేని మనిషి ఆయన. ఇంట్లో ఆయన గొంతు కంటే విల్లు చప్పుడే ఎక్కువ వినపడేది.

మా వంటలు చాలా మామూలువి. ఆ కాలంలో చెట్టు మీద ఏది ఉంటే అదే పొయ్యి మీదికి వచ్చేది. చింతచెట్టు చిగురేస్తే చింతచిగురు పప్పు. మామిడికాయ పులుపెక్కితే ఎండురొయ్యలతో కూర. పెరట్లో ములక్కాడలు, తీగ మీద దోసకాయలు. చేపలు దొరికినరోజు మామిడికాయ ముక్కలేసి మట్టిదాకలో చేపల పులుసు. ఒక్కపొద్దు విడిచేటప్పుడు ముందు రెండు తాటిముంజలు, తర్వాత గంజి, ఆపైన అన్నం. మా ఊరికి ఉప్పు పండించే కొటార్లు దగ్గర కాబట్టి ఉప్పు కుండెడు ఉండేది, పెద్ద పెద్ద రాళ్ళు. ఆ రాళ్ళను గుప్పిటతో కొలిచి వెయ్యడం చూసినంత తేలిక కాదు. మామిడికాయతో అసలు కష్టం. ఒక కాయకున్న పులుపు ఇంకో కాయకు ఉండదు, పులుపు మారితే ఉప్పూ మారాలి.

అత్త ఆవిరి వాసన చూసి ఉప్పు చెప్పేదని వీధంతా చెప్పుకునేవాళ్ళు. నేను పెళ్ళికి ముందే విన్నాను. దాక మీద మూత తీసి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి పీల్చి, "ఇంకో నాలుగు రాళ్ళు" అనేదట. ఆ నాలుగు రాళ్ళతో సరిపోయేదట. పుట్టింట్లో నేను ఉప్పు ఎక్కువేస్తానని పేరుపడ్డదాన్ని. అందుకని ఆవిడ మొదటిరోజే "ఉప్పు కుండ నువ్వు ముట్టుకోబాక, అది నా పని" అన్నప్పుడు నాకు అవమానమనిపించలేదు. బతికిపోయాననుకున్నాను.

నాకు ఒళ్ళు మండించింది ఇంకొకటి. ఆవిడ పొద్దస్తమానం నాకు పరీక్షలు పెట్టేది. "పక్కింట్లో ఏం వండతా ఉండారో చెప్పు చూద్దాం" అనేది. "ఈ మామిడిపండు వాసన చూడు, రేపటికి ఆగతాదా?" అనేది. ఒకరోజు అన్నం అడుగంటి మాడుతోంది, ఆవిడ దాని పక్కనే కూర్చుని పప్పు ఏరుతోంది. నేను బావి దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చి కుండ దించితే, "ఆ, లేసి వొస్తావో రావోనని చూస్తా ఉండా" అంది. కొత్తకోడలిని ఇంతగా ఏడిపించే మనిషి ఇంకెక్కడైనా ఉంటుందా అని పళ్ళు నూరుకున్నాను.

రంజాన్ మొదలైన మూడోరోజు చింతచిగురు పప్పు ఉప్పు కషాయమైంది. ఐదోరోజు ములక్కాడల పులుసు చప్పగా నీళ్ళలా ఉంది. ఆ తర్వాత దోసకాయ కూర మళ్ళీ ఉప్పే. మామ తల వంచుకుని అన్నీ తిన్నాడు. ఒక ముద్ద వదలలేదు, ఒక మాట అనలేదు. నా మొగుడు మాత్రం నావైపు చూశాడు. ఉప్పు చెడగొట్టింది నేనేననుకున్నాడని ఆ చూపులోనే తెలిసింది.

నా ఆడబిడ్డ, అంటే నా మొగుడి అక్క, పక్కవీధిలోనే కాపురం. ఒకరోజు సాయంత్రం మా ఇంట్లో ఒక్కపొద్దు విడవడానికి వచ్చి, మామిడికాయ రొయ్యల కూర నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టింది.

"కొత్త చెయ్యి గదా, ఇంకా కుదురుకోలా" అంది, నా మీద జాలి పడుతున్నట్టుగా.

నేను ఆ కూరలో ఉప్పురాయి వెయ్యలేదు. వేసిన మనిషి నా ఎదురుగా కూర్చుని ముంజ ఒలుస్తోంది. ఆవిడ ఒక్క మాట అంటుందేమోనని చూశాను. తల ఎత్తలేదు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. మరునాటికల్లా మా వీధిలో అందరికీ తెలుసు, ఫలానా ఇంటి కొత్తకోడలికి ఉప్పు వెయ్యడం రాదని. బావి దగ్గర ఇద్దరు ముగ్గురు ఆ మాట నా చెవిన పడేలాగే అన్నారు కూడా.

ఇంకో వారం గడిచాక ఆ చేపల సంగతి జరిగింది. పొద్దున నా మొగుడు వంజరం ముక్కలు కోయించి ఆకులో పొట్లం కట్టించుకుని తెచ్చాడు. సాయంత్రం వండుదామని అత్త గంపకింద పెట్టింది. ఆ ఎండకు మధ్యాహ్నానికే అవి చెడిపోయాయి. నేను వంటింటి గడప దగ్గరే ముక్కు మూసుకున్నాను. లోపల అత్త మాత్రం ఆ ముక్కలకు ఉప్పు, పసుపు రాసి, మనసుపెట్టి కడుగుతోంది. పక్కన మామిడికాయ చెక్కులు తీసి సిద్ధంగా ఉంది. ఈసారి పరీక్షలా అనిపించలేదు. ఏ మనిషీ పరీక్ష కోసం ఆ వాసనలో అంతసేపు కూర్చోలేదు.

"అత్తా, చేప చెడిపోయుండాది" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఎప్పుట్నించి వొస్తా ఉండాది వాసన?" అని మెల్లగా అడిగింది.

"మధ్యాన్నం నమాజు కాణ్ణించే."

"నాకు తెలీలా మే" అంది. నీళ్ళగిన్నెలో చేతులు అలాగే ఉంచి చెప్పింది. "వానాకాలంలో నాకు పెద్ద జరం వొచ్చినాది గదా, మీ పెండ్లికి ముందు. అప్పుట్నించి ఏ వాసనా తెలీడంలా. మల్లెపూలు పెట్టుకున్నా అంతే, అన్నం మాడినా అంతే."

నాకు జాలి రావలసింది. కానీ ముందు వచ్చింది కోపమే, అబద్ధమెందుకు చెప్పాలి. "మరి వదిన నన్నంటా ఉంటే ఎందుకు ఊరుకున్నావు?" అని అడిగేశాను. కొత్తకోడలు అత్తను అడగవలసిన గొంతు కాదు అది.

"తప్పు నాదే మే. చెప్తే పొయ్యి కాణ్ణించి లేపేస్తారు. నేనింకేం చేస్తా చెప్పు? దూది ఏకడం రాదు. సూదిలో దారం ఎక్కించడానికి కండ్లు ఆనవు. వొండి పెట్టడమొకటే నాకొచ్చినాది. అది గూడా పోతే ఈ ఇంట్లో నేనెవుర్ని?" ఆవిడ కళ్ళు తుడుచుకోవాలంటే చేతులు చేపనీళ్ళలో ఉన్నాయి. నా కొంగుతో నేనే తుడిచాను. "ఎవురికీ చెప్పబాక" అంది. చెప్పనని మాటిచ్చాను.

ఆ తర్వాత నాకు తట్టిన తెలివైన సలహా కూడా ఇచ్చాను. ముక్కు పోతే పోయింది, నాలుక బాగానే ఉంది కదా, కొసన తగిలించుకుని ఉమ్మేస్తే సరిపోతుందిగదా అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకు నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"మీ మామకు ఆ పేరు తెమ్మంటావా? ముప్పై ఏండ్లలో ఆ మనిషి నా మీద గొంతు పెంచలా. రేపు నేను నాలిక్కి తగిలిస్తే, చూసినోళ్ళు ఆయన్ని ఏమనుకుంటారు?"

ఇంట్లో మనమిద్దరమే కదా, ఎవరు చూస్తారని నేనంటే, "నేను చూస్తా గదా" అంది.

ఆరోజు చేపలు పెరట్లో పూడ్చిపెట్టి, మామిడికాయ పప్పు వండాం. ఆరోజు నుంచే నా చదువు కూడా మొదలైంది. మూత తీసి ఆవిరి పీల్చేది నేను, ఏముందో చెప్పేది నేను, ఉప్పు ఎన్ని రాళ్ళో తేల్చేది ఆవిడ. "ముందు మామిడికాయ వాసనొస్తా ఉండాదా, వెల్లుల్లి వాసనా?" అని అడిగేది. "పులుపు ముక్కులో గుచ్చతా ఉండాదా, గొంతులోకి పోతా ఉండాదా?" అనేది. ఉప్పు పడని పులుసు పచ్చివాసన కొడుతుందట. పడితే పులుపు వెనక్కి తగ్గి మెంతులూ వెల్లుల్లీ ముందుకొస్తాయట. మొదట్లో నాకు అన్నీ ఒకేలాగ కమ్మగా ఉండేవి. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు లేని దానికి గంజి వాసన కూడా పాయసంలాగే ఉంటుంది మరి. అయినా నాలుగైదు రోజులకు తేడా కొంచెం కొంచెం పట్టుబడింది. కూరలు కుదురుకున్నాయి. మామ ఎప్పటిలాగే తలవంచుకుని తిన్నాడు. చప్పటి పులుసుకూ మంచి పులుసుకూ ఆయన దగ్గర తేడా కనపడకపోవడం నాకు భలే చిరాకుగా ఉండేది.

అంతలో మసీదుకు గంజి పంపే వంతు మాకు వచ్చింది. రంజాన్‌లో రోజుకొక ఇంటివాళ్ళు గంజి కాచి మసీదుకు పంపేవాళ్ళు. వీధిలో మగవాళ్ళందరూ ఆ గంజితోనే ఒక్కపొద్దు విడిచేవాళ్ళు. ఇంట్లో కూర చెడితే నలుగురికి తెలుస్తుంది, గంజి చెడితే ఊరికంతా తెలుస్తుంది. పైగా మాది శుక్రవారం. అత్తకు రెండు రోజుల ముందునుంచే నిద్రలేదు. గంజి చప్పగా ఉన్నా, ఉప్పగా ఉన్నా ఈ ఇంటి పొయ్యి దగ్గర తన రోజులు అయిపోయినట్టేనని ఆవిడ భయం. నా పేరు ఎటూ పోయింది, పోవడానికి ఇంకేమీ మిగల్లేదని నా లెక్క.

పెరట్లో మూడు రాళ్ళపొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కించాం. నూకలు, పెసరపప్పు, మెంతులు, వెల్లుల్లి, కొబ్బరిపాలు. ఎండాకాలమైతే మా ఇంటి గంజిలో మామిడికాయ తురుము కూడా పడేది, దాహానికి మంచిదని. సాయం చెయ్యడానికి వీధిలో ఆడవాళ్ళు ఆరేడుగురు వచ్చారు. మా ఆడబిడ్డా వచ్చింది. అత్త గుప్పిటతో ఉప్పు కొలిచి వేసి, తెడ్డుతో కలిపి, నాకు కళ్ళతో సైగ చేసింది. నేను వంగి ఆవిరి పీల్చాను. పచ్చికట్టెల పొగ తప్ప ఏమీ తెలియలేదు. మళ్ళీ పీల్చాను. కళ్ళవెంట నీళ్ళు కారాయి కానీ ఉప్పు సంగతి తేలలేదు. ఇంట్లో చిన్నదాక మీద నేర్చుకున్న విద్య ఆ గుండిగ దగ్గర పనికిరాలేదు. తెలియడంలేదని అత్తకు తల అడ్డంగా ఊపాను.

అది మా ఆడబిడ్డ చూసింది. "ఏందిమా, ఈ పిల్లనా ఉప్పడిగేది? కూరల్నన్నిటినీ ఉప్పుకొటారు చేసేసినాది గదా!" అంది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క మాట చెబితే ఆ నవ్వు ఆగిపోయేది. మాటిచ్చాను కాబట్టి కట్టె పొయ్యిలోకి ఎగదోస్తూ తల వంచుకున్నాను.

అత్త నన్ను చూసింది. గుండిగను చూసింది. తెడ్డుతో కొంచెం గంజి తీసి అరచేతిలో వేసుకుని, ఊది, నాలుక కొసన తగిలించుకుంది. వెంటనే గోడవారకు పోయి ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చింది. మళ్ళీ ఉప్పు కుండలో చెయ్యిపెట్టి అరగుప్పెడు తీసి గుండిగలో వేసింది.

"ఇంతవరకూ ఈ ఇంట్లో ఉప్పంతా నేనేసిందే" అంది. "ఎక్కువైనా తక్కువైనా నాదే. ఈ పిల్ల ఒక్కరాయి ముట్టలా."

పెరట్లో ఉన్నవాళ్ళు ఆ మాటలు విన్నారో లేదో కూడా నాకు తెలియదు. అందరూ ఆ నాలుక దగ్గరే ఆగిపోయారు. మా ఆడబిడ్డ మొహంలో రంగు మారింది. "ఏందిమా ఇది? నాలిక్కి తగిలించినావే! నాయన నిన్నేమన్నా..." అని ఆపేసింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ చెప్పుకున్నదంతా వాళ్ళకు గుర్తుంది మరి. అత్త ఇప్పుడు ముక్కు పోయిందని చెప్పాలి, లేదా మొగుడి పేరు పోనివ్వాలి. రెండూ ఆవిడవల్ల కాలేదు.

అప్పుడు కొట్టంలో విల్లు చప్పుడు ఆగింది. మామ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం నిండా, కనుబొమల నిండా దూదిపొట్టు.

"నేనే చెప్పినా" అన్నాడు, వీధిదాకా వినపడేంత గట్టిగా. "ఉప్పు తక్కువైతే నాకు పడదు. నేను కోపిష్టోణ్ణి. రుచి చూసే దించమని నేనే కేకలేసినా. అయితే ఏమంట?"

ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. చెప్పి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. విల్లు మళ్ళీ మోగింది.

ఆరోజు గంజి బాగా కుదిరింది. గుండిగ ఖాళీగా వచ్చింది. కానీ మామకు ఆ పేరు వచ్చేసింది. మసీదు దగ్గర ఆయన తోటివాళ్ళు, "ఇంట్లో నువ్వు పులివి అంట గదా!" అని పండగదాకా ఆటపట్టించారని నా మొగుడు చెప్పాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడట. మా ఆడబిడ్డ ఉప్పు మాట మళ్ళీ ఎత్తలేదు కానీ నాన్నతో మాత్రం కొన్నాళ్ళు ముభావంగా ఉంది.

పండగైన వారానికి ఎండలు ఇంకా ముదిరాయి. కత్తెర రోజులు మొదలై వడగాలి కొడుతోంది. మధ్యాహ్నం అన్నం వడ్డించి మామను పిలిస్తే, వద్దని చెయ్యి ఊపాడు. ఒంట్లో బాగాలేదేమోనని అత్త కొట్టంలోకి పోయింది. వెనకే నేనూ వెళ్ళాను.

"పొద్దున్నించీ ఏమీ తినలేదు, తాగలేదు. ఏందిది?" అని అడిగింది.

"ఒక్కపొద్దు" అన్నాడు మామ.

"పండగైపోయినాది గదా!"

"ఆపొద్దు ఒక్కపొద్దు నోటితో అబద్ధమాడినా. దాని బదులు ఇది" అని మళ్ళీ దూది ముందుకు లాక్కున్నాడు.

అత్త ఇంట్లోకి వచ్చింది. చేపలు తెప్పించింది. నా చేత వాసన చూపించింది. నిండుగా మామిడికాయ వేసి పులుసు పెట్టింది. తనకు ఆరోజు ఒక్కపొద్దు లేదు కాబట్టి నాలుగైదుసార్లు రుచి చూసింది, నా చేతా చూపించింది. పొద్దుగూకాక మామ రెండు ముంజలు తిని, అన్నం ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఉప్పు సరిపోయినాదా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆవిడ ఆయన్ని ఎప్పుడూ అడిగి ఉండదు. ఆయన తలూపాడు.

"నా ముక్కు సంగతి నీకెట్టా తెలిసినాది?"

మామ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "ఎండాకాలం మొదుట్లో నీ దిండులో దూది మార్చినా గదా. వట్టివేళ్ళు పెట్టినా అందులో. నువ్వు ఒక్కమాటన్నా అన్లా" అన్నాడు.

అత్త లోపలికి వెళ్ళి ఆ దిండు తెచ్చుకుంది. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి ఆ చల్లటి వేళ్ళ వాసన నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ దిండులో మొహం పెట్టి కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఆవిడకేమీ తెలియలేదని ఆ మొహం చూస్తేనే నాకు అర్థమైంది.

"బాగుండాది" అంది ఆయనతో.